నాణెం మీద వారసుడు

ప్రాచీన రోమన్ నాణేలు సేకరించేవాళ్లలో చాలామంది ఒకే దారి పడతారు. ఆల్బంలో వరసగా గళ్లు, ఒక్కో గడిలో ఒక్కో చక్రవర్తి. సూటోనియస్ అనే రోమన్ రచయిత జూలియస్ సీజర్ మొదలుకొని డొమిషియన్ దాకా పన్నెండుమంది జీవితాలు రాశాడు గనక, ఆ పన్నెండు ముఖాలూ సమకూడితే సేకరణ ఒక కొలిక్కి వచ్చినట్టు లెక్క. ఈ అలవాటు వెనక ఉన్న చూపు పాతదే. ఇటలీ కవి పెట్రార్క్ 1354లో మాంటువా నగరంలో, చక్రవర్తి కాబోతున్న నాలుగో చార్లెస్‌ను కలిసి కొన్ని రోమన్ నాణేలు కానుకిచ్చాడు. వీళ్లలా నడుచుకోమని హితవు కూడా చెప్పాడు. అంటే నాణెం మహాపురుషుల చిత్రపటం అన్నమాట. ఈ చూపుతో నాకు పేచీ ఉంది. ఒక్కో పాలకుడికి ఒక్కో ముఖం చొప్పున పేర్చుకుంటూ పోతే, రోమన్ నాణేలు అందరికంటే బాగా చెప్పగలిగిన సంగతి ఒకటి మరుగున పడుతుంది. తన తరవాత ఎవరు అనే ప్రశ్న ముందు ఆ రాజకుటుంబాలు ఎంత కంగారు పడ్డాయో ఈ నాణేలు దాదాపు ఏడాదికేడాది నమోదు చేశాయి. భార్యలు, తల్లులు, అక్కచెల్లెళ్లు, కొడుకులు, మనవలు ఉన్న నాణేలను చక్రవర్తుల వరసకు తోకగా పెట్టకుండా, అచ్చయిన క్రమంలో పక్కపక్కన ఉంచి చదివితే ఆ నమోదు కళ్లకు కడుతుంది.

కంగారు ఎందుకంటే, రోమ్‌లో సింహాసనానికి వారసత్వ చట్టమే లేదు. అసలు సింహాసనం ఉందని ఒప్పుకోవడం కూడా లేదు. మొదటి చక్రవర్తి అగస్టస్ తన అధికారాలన్నీ సెనేట్ ఇచ్చినవేనని చెప్పుకున్నాడు, అందువల్ల వాటిని కొడుక్కి వీలునామా రాసి ఇవ్వడం కుదరదు. ఆస్తి ఇవ్వవచ్చు, పేరు ఇవ్వవచ్చు, పదవి ఇవ్వడానికి లేదు. అలాంటి చోట, రాబోయేవాడి ముఖాన్ని జనానికీ సైన్యానికీ ముందుగా అలవాటు చేయడమొక్కటే మార్గం. బతికున్న మనిషి ముఖాన్ని రోమ్ టంకశాలలో అచ్చువేయడం క్రీ.పూ. 44 మొదట్లో జూలియస్ సీజర్‌తో మొదలైంది. ఆ ముఖం చుట్టూ యావజ్జీవ నియంత అన్న బిరుదు ఉంటుంది. మార్చి 15న ఆయన్ని పొడిచి చంపారు. చంపినవాళ్లలో ముఖ్యుడు బ్రూటస్ క్రీ.పూ. 42లో తన సైన్యానికి జీతాలివ్వడానికి వేయించిన నాణెం బొరుసు వైపు రెండు బాకులు, వాటి మధ్య బానిసత్వం నుంచి విడుదలైనవాడు పెట్టుకునే టోపీ, కింద ఆ మార్చి నెల తేదీ ఉన్నాయి. మరి బొమ్మ వైపు? బ్రూటస్ ముఖమే! రాజులా ముఖం అచ్చువేయించుకున్నవాణ్ణి చంపినవాడు రెండేళ్ల తరవాత అదే పని చేశాడు.

అగస్టస్‌కు కొడుకులు లేరు. కూతురు జూలియా కన్న ఇద్దరు మగపిల్లలు గేయస్‌ను, లూషియస్‌ను క్రీ.పూ. 17లో దత్తత తీసుకున్నాడు. క్రీ.పూ. 2 నుంచి ఇప్పటి ఫ్రాన్సులోని లియాన్‌లో ఉన్న టంకశాల వీళ్ల బొమ్మలతో వెండి దినారియస్‌లను కుప్పలు తెప్పలుగా అచ్చువేసింది. ఆ నాణెం చిటికెన వేలి గోరుకన్నా కాస్త పెద్దది. బొమ్మ వైపు ఆకుల దండతో అగస్టస్ తల. బొరుసు వైపు టోగాలు కట్టుకుని ఎదురుగా చూస్తూ నిలబడ్డ ఇద్దరు కుర్రాళ్లు, వాళ్ల మధ్య నేలకు ఆనించిన రెండు డాళ్లు, ఈటెలు, పైన పూజారులు వాడే గరిటె, కర్ర. చుట్టూ ఉన్న అక్షరాలు వీళ్లు అగస్టస్ కొడుకులని, కాబోయే కాన్సల్‌లని, యువతకు నాయకులని చెబుతాయి. లూషియస్ క్రీ.శ. 2లో మార్సేల్స్‌లో పోయాడు. గేయస్ క్రీ.శ. 4లో తూర్పున లిసియాలో పోయాడు. సవతి కొడుకు టైబీరియస్‌ను ఆ ఏడే దత్తత తీసుకోక తప్పలేదు అగస్టస్‌కు. అయినా అదే టంకశాల నుంచి టైబీరియస్ బొమ్మతో బంగారు, వెండి నాణేలు వెలువడింది 13లో, అంటే అగస్టస్ చనిపోవడానికి ఏడాది ముందు. మనవల నాణేలు లెక్కలేనన్ని, సవతి కొడుకువి అరుదు. ఆ తేడా అగస్టస్ మనసు గురించి ఏ చరిత్రకారుడి వ్యాఖ్యానానికీ తీసిపోని సాక్ష్యం.

టైబీరియస్ తరవాత వచ్చిన కాలిగులాకు పదవి చేపట్టేనాటికి పిల్లలు లేరు. ఆయన నాణెం బొరుసు వైపు ముగ్గురు చెల్లెళ్లు అగ్రిప్పినా, డ్రుసిల్లా, జూలియా ముగ్గురు దేవతల వేషాల్లో పేర్లతో సహా నిలబడ్డారు. 38లో డ్రుసిల్లా పోయింది. 39లో కుట్ర చేశారని మిగతా ఇద్దరినీ అన్నే ద్వీపాంతరం పంపాడు. ఆ అగ్రిప్పినాయే తరవాత బాబాయి క్లాడియస్‌ను పెళ్లాడి, తన కొడుకు నీరోను ఆయనకు దత్తత ఇప్పించింది. 54లో నీరో చక్రవర్తి అయ్యేటప్పటికి వాడికి పదిహేడేళ్లు నిండలేదు. ఆ ఏడాది చివర అచ్చయిన బంగారు, వెండి నాణేల బొమ్మ వైపు తల్లీ కొడుకుల తలలు ఒకే సైజులో, ఒకరికొకరు ఎదురుగా ఉంటాయి. పేరు ఎవరిదో చూడండి. బొమ్మ వైపు చుట్టూ ఉన్నది అగ్రిప్పినా పేరు, ఆమె దేవుడైన క్లాడియస్ భార్య అని, నీరో తల్లి అని. చక్రవర్తి పేరు, బిరుదులు బొరుసు వైపు ఓక్ ఆకుల దండ చుట్టూ సర్దుకున్నాయి. 55లో అచ్చయిన నాణెంలో తలలు రెండూ ఒకే వైపు తిరిగాయి. కొడుకు ముందుకొచ్చాడు, అతని వెనక నుంచి తల్లి ముఖం అంచు మాత్రం కనబడుతుంది. పేర్లు కూడా తారుమారై, అతనిది బొమ్మ వైపుకు, ఆమెది బొరుసు వైపుకు వెళ్లాయి. ఆ తరవాత రోమ్ నాణేల మీద నీరో పక్కన ఆమె లేదు. 59లో కొడుకే ఆమెను చంపించాడు. చరిత్రకారుడు టాసిటస్ ఈ కథను వివరంగా రాసింది అరవై ఏళ్లు గడిచాక. ఆమె పలుకుబడి ఏ నెలల్లో పడిపోయిందో చెప్పే ఈ రెండు నాణేలు మాత్రం ఆ నెలల్లోనే పుట్టాయి. పన్నెండు గళ్ల ఆల్బంలో నీరోకు దొరికేది ఒక్క గడి. అందులోకి సాధారణంగా చేరేది తరవాతి కాలపు లావుపాటి మెడతో ఉన్న నీరో.

ఇక్కడ ఒక అభ్యంతరం రావాలి. వారసత్వం ఖాయంగా ఉన్నవాళ్లు కూడా పిల్లల బొమ్మలు వేయించుకున్నారు కదా, అందులో కంగారు ఏముంది అని. వెస్పేసియన్ మంచి ఉదాహరణ. ఎదిగొచ్చిన ఇద్దరు కొడుకులు, టైటస్, డొమిషియన్. నాణేల నిండా వాళ్లే. కానీ వెస్పేసియన్ ఎలా వచ్చాడో మరచిపోకూడదు. 69వ సంవత్సరంలో నలుగురు చక్రవర్తులయ్యారు, ఆయన నాలుగోవాడు. పెద్ద వంశం కాదు. ముందున్న గాల్బా కొడుకులు లేకే దత్తత తీసుకుని, దానికి అలిగిన ఓథో చేతిలో హతమయ్యాడు. ఇద్దరు కొడుకులు ఉండటమే వెస్పేసియన్ అర్హతల్లో పెద్దది, కాబట్టి దాన్ని వెండి మీద చాటుకున్నాడు. ట్రాజన్ సంగతి ఇంకా సూటిగా ఉంటుంది. 98లో వచ్చాడు, పిల్లలు లేరు. పదేళ్లు దాటినా భార్య ప్లొటీనా, అక్క మార్సియానా, ఆమె కూతురు మటీడియా రోమ్ నాణేలకెక్కలేదు. 112 ప్రాంతంలో ఆయన అరవైకి చేరువవుతున్నప్పుడు ముగ్గురూ ఇంచుమించు ఒక్కసారే కనిపిస్తారు. మటీడియా కూతురు సబీనా భర్త హేడ్రియన్. 117లో ట్రాజన్ పోయాక, చనిపోతూ హేడ్రియన్‌ను దత్తత చేసుకున్నాడన్న వార్త బయటికొచ్చింది. ప్లొటీనా అల్లిన కథేనేమో అని ఆ రోజుల్లోనే గుసగుసలు. ఏ ఆడవాళ్ల మీదుగా అధికారం చేతులు మారిందో ఆ ఆడవాళ్లే ఐదేళ్ల ముందు నాణేల మీద ఉన్నారు.

నా వాదానికి లొంగని నాణేలూ ఉన్నాయి. హేడ్రియన్ తరవాత చక్రవర్తి అయిన ఆంటోనైనస్ పయస్ భార్య పెద్ద ఫాస్టీనా 140లో చనిపోయింది. ఆయన వారసులు అప్పటికే 138లోనే ఖరారైపోయారు. అయినా దేవత ఫాస్టీనా పేరుతో బంగారు, వెండి, కంచు నాణేలు ఆయన పాలన పొడుగునా వస్తూనే ఉన్నాయి. ఆమెకు రోమ్ నడిబొడ్డున గుడి కట్టించాడు, పేద ఆడపిల్లల పోషణకు ఆమె పేరుతో ఒక నిధి పెట్టాడు. దీన్ని వారసత్వపు లెక్కలోకి బలవంతాన ఇరికించను. కానీ కూతురు చిన్న ఫాస్టీనా దగ్గరికి వచ్చేసరికి సంగతి మళ్లీ మొదటికొస్తుంది. ఆ వారసుల్లో ఒకడు, తన భర్త మార్కస్ ఆరీలియస్‌కు ఆమె డజనుకు పైగా పిల్లల్ని కంది. దాదాపు ప్రతి కాన్పు తరవాతా చంకలో, కాళ్ల దగ్గర పసిపిల్లలతో సంతాన సమృద్ధి దేవత బొమ్మలు అచ్చయ్యాయి. 161లో కవలలు పుట్టినప్పుడు పరుపు మీద ఆడుకుంటున్న ఇద్దరు పసివాళ్లను చూపించి, ఇది ఆనందయుగం అని రాశారు. ఆ కవలల్లో ఒకడు నాలుగేళ్లకే పోయాడు. మొత్తం మగపిల్లల్లో పెద్దవాడై నిలిచింది రెండోవాడు కొమొడస్ ఒక్కడే. నాణేల వరస ఒక పక్క, పిల్లల మరణాల వరస ఇంకో పక్క పెట్టి చూస్తే, ఆ పండగ బొమ్మలు ఎందుకంత తరచుగా అవసరమయ్యాయో అర్థమవుతుంది. కొమొడస్ ఎలాంటి పాలకుడయ్యాడన్నది వేరే కథ.

ఈ లెక్కంతా పరాకాష్ఠకు చేరింది సెప్టిమియస్ సెవెరస్ ఇంట్లో. 193లో అంతర్యుద్ధం మీదుగా పైకి వచ్చిన ఆఫ్రికా సేనాని ఆయన. 195లో తాను మార్కస్ ఆరీలియస్ కొడుకునని ప్రకటించుకున్నాడు. మార్కస్ చనిపోయి అప్పటికి పదిహేనేళ్లు! తండ్రి పోయాక కొడుకు తనంతట తాను దత్తత వెళ్లడం రోమ్‌లోనూ వింతే. నాణేల మీద దేవుడైన మార్కస్ కొడుకు అన్న అక్షరాలు వచ్చాయి, పెద్ద కొడుక్కి పాత పేరు తీసేసి మార్కస్ పేరే పెట్టారు, చరిత్రలో మనం కారకల్లా అని పిలిచేది అతణ్ణే. చిన్న ఫాస్టీనాకున్న సైనిక శిబిరాల తల్లి అనే బిరుదును సిరియా నుంచి వచ్చిన సెవెరస్ భార్య జూలియా డోమ్నాకు ఇచ్చారు. 202 ప్రాంతపు ఒక బంగారు నాణెం బొరుసు వైపు ఈ ఇల్లంతా ఉంది. మధ్యలో డోమ్నా ముఖం నేరుగా మన వైపు చూస్తుంది. రోమన్ నాణేల మీద ఎదురుముఖం అరుదు. ఆమెకు అటొకడు, ఇటొకడు, పక్క ముఖాలతో కారకల్లా, అతని తమ్ముడు గెటా ఒకరినొకరు చూసుకుంటూ ఉంటారు. చుట్టూ, ఇది ఆనందయుగం అని మళ్లీ అదే మాట. అన్నదమ్ములకు ఒకరంటే ఒకరికి పడదని అందరికీ తెలుసు. 211 ఫిబ్రవరిలో సెవెరస్ యార్క్ నగరంలో కన్నుమూశాడు. ఏడాది తిరిగిందో లేదో గెటాను తల్లి ఒళ్లోనే పొడిచి చంపించాడు అన్న. ఆ తరవాత శాసనాల్లో గెటా పేరును ఉలితో చెక్కేశారు. తూర్పున కేరియాలోని స్ట్రాటోనికియా పట్టణంలో అన్నదమ్ములిద్దరూ ఉన్న పెద్ద కంచు నాణేలు తీసుకుని, గెటా ముఖం ఉన్నంత మేరా అరగదీసి, అన్న ముఖాన్ని వదిలేసి మళ్లీ చలామణీలో పెట్టారు. రోమ్ వెండిని మాత్రం అలా వెనక్కి తెప్పించడం ఎవరి తరమూ కాలేదు. 1929లో బల్గేరియాలోని రేకా దేవ్న్యా దగ్గర బయటపడిన నిధిలో 81 వేలకు పైగా వెండి నాణేలు నమోదయ్యాయి. దాన్ని పాతిపెట్టింది గెటా హత్య జరిగి సుమారు నలభై ఏళ్లయ్యాక. అందులో గెటా నాణేలున్నాయి, చిన్న ఫాస్టీనావీ జూలియా డోమ్నావీ వేలల్లో ఉన్నాయి.

ఇంతకీ జనం ఆ బొమ్మలు చూశారా, లేక వెండి బరువు చూసి సంచిలో వేసుకున్నారా? ఇది గట్టి ప్రశ్నే, పండితులు ఇంకా దీని మీద తర్జనభర్జన పడుతున్నారు. చూశారని చెప్పడానికి ఆధారాలున్నాయి. పన్ను కట్టవచ్చా అని అడిగినవాళ్లకు యేసు దినారియస్ తెప్పించి, దీని మీది బొమ్మ, రాత ఎవరివని ఎదురు ప్రశ్న వేసిన సందర్భం మన క్రైస్తవ కుటుంబాల్లో పిల్లలకు కూడా తెలుసు. నాణెం మీద ట్రాజన్ ముద్ర ఉంటే తీసుకోండి, నీరో ముద్ర ఉంటే పారేయండి అన్న ఉపమానం తత్త్వవేత్త ఎపిక్టెటస్ బోధల్లో ఉంది. బాకుల నాణెం గురించి బ్రూటస్ తరవాత రెండున్నర శతాబ్దాలకు కూడా చరిత్రకారుడు డియో కాసియస్ రాశాడు. మన వైపు సంగతి వేరు, అది ఒప్పుకోవాలి. నల్లగొండ జిల్లా అక్కనపల్లిలో దొరికిన నిధిలో పదిహేను వందలకు పైగా రోమన్ వెండి నాణేలున్నాయి, వాటిలో ఎక్కువ అగస్టస్, టైబీరియస్‌లవి. దక్షిణాదికి వచ్చిన అగస్టస్ వెండిలో తరచుగా కనిపించేది ఆ మనవల నాణెమే. గేయస్, లూషియస్ ఎవరో మిరియాలు, ముత్యాలు అమ్మిన వర్తకుడికి తెలియాల్సిన పని లేదు, వెండి మంచిదైతే చాలు. అయినా ముఖాన్ని ఇక్కడ పట్టించుకోలేదని అనలేం. కొండాపూర్‌లో రోమన్ నాణేన్ని అనుకరించిన మట్టి బిళ్లలు దొరికాయి, మెళ్లో వేసుకునేవి. 1898లో తమిళనాడు పుదుక్కోట ప్రాంతంలో బయటపడిన 501 బంగారు నాణేల్లో దాదాపు అన్నిటి మీదా చక్రవర్తి ముఖానికి అడ్డంగా ఉలిగాటు ఉంది. మళ్లీ చలామణీ కాకుండా అలా చేశారని ఒక వివరణ. ఇక మన శాతవాహనులు తమ వెండి నాణేల మీద రాజు ముఖం వేయించి, చుట్టూ గౌతమీపుత్ర, వాసిష్ఠీపుత్ర అని తల్లి పేరు రాయించారు. రోమ్‌లో తల్లి ముఖమే నాణేనికెక్కింది, ఇక్కడ పేరు దగ్గరే ఆగింది. వంశాన్ని ఎవరితో రుజువు చేసుకోవాలన్న ఆలోచన రెండు చోట్లా ఉందని ఈ పోలిక చెబుతుంది, అంతకు మించి లాగను.

బొమ్మలన్నీ చక్రవర్తే ఎంచుకున్నాడా అని కొందరు అడుగుతారు. అగస్టస్ తన రాశి మకరాన్ని వెండి మీద అచ్చు వేయించాడని సూటోనియస్ రాశాడు గనక, కొన్నిసార్లు అవుననాలి. చాలాసార్లు టంకశాల అధికారులు ఏలినవారికి ఏది నచ్చుతుందో ఊహించి చేసి ఉంటారు. దానివల్ల నా వాదానికి నష్టం లేదు. ఏ వారసుణ్ణి చూపిస్తే దొర మెచ్చుకుంటాడో కిందివాడు పసిగట్టడం కూడా ఆ కాలపు రాజకీయమే.

అంతకన్నా బరువైన అభ్యంతరం సేకరణ మీదే ఉంది. అమ్మకానికొచ్చే నాణెం ఎక్కడిది? దొంగతనంగా తవ్విన నేల నుంచి వచ్చిందైతే, దానితోపాటు ఉన్న మిగతా నాణేలు, కుండ, పాతిపెట్టిన చోటు, అన్నీ పోయినట్టే. నేను చెబుతున్న పద్ధతికి అది మరీ పెద్ద దెబ్బ, ఎందుకంటే గెటా నాణేలు నలభై ఏళ్ల తరవాత కూడా చలామణీలో ఉన్నాయని చెప్పింది ఒక నాణెం కాదు, చెదరకుండా దొరికిన నిధి. 2020లో లండన్ వేలంలో బ్రూటస్ బాకుల నాణెం బంగారు ప్రతి ఒకటి 27 లక్షల పౌండ్లు పలికింది. దాని పూర్వచరిత్ర కాగితాలు బూటకమని తేలి, 2023లో అమెరికా అధికారులు దాన్ని గ్రీసుకు అప్పగించారు. కాబట్టి ఎక్కడ దొరికిందో, ఎవరి చేతులు మారిందో కాగితం లేని నాణెం ఎంత ముచ్చటగా ఉన్నా కొనకూడదు. సేకరణే మానాలనే వాళ్లతో మాత్రం నేను ఏకీభవించను. రేకా దేవ్న్యా లాంటి నిధుల్ని ఓపిగ్గా లెక్కించి పుస్తకాలు వేసిన శాస్త్రం సేకర్తల పట్టికల మీదే పుట్టింది. నకిలీల గుట్టు బయటపెట్టిన వాళ్లలోనూ సేకర్తలు ఎక్కువ. పదహారో శతాబ్దంలో పాడువా నగరపు కవీనో పోతపోసిన, అచ్చొత్తిన అనుకరణలు మ్యూజియంల దాకా వెళ్లాయి మరి. మన దేశంలో నేలలో దొరికిన నిధి విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలియజేయాలని 1878 చట్టం, నూరేళ్లు దాటిన నాణేన్ని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించరాదని 1972 చట్టం చెబుతున్నాయి. పొలం దున్నుతుంటే లంకెబిందె తగిలిన రైతుకు ఇవి ఎవరైనా ముందే చెప్పి ఉంచడం మంచిది.

ఖర్చు మాట కూడా చెప్పుకోవాలి. పన్నెండుమంది సీజర్ల వరస ఖరీదైనది, ముఖ్యంగా ఓథో దగ్గర. మూడు నెలలే ఏలాడు, రోమ్ టంకశాల అతని పేరిట కంచు నాణెమే వేయలేదు, బంగారం వెండి దొరికితే ధర చుక్కల్లో ఉంటుంది. కుటుంబం చొప్పున చదవదలచినవాళ్లకు నాలుగో శతాబ్దపు చక్రవర్తి కాన్‌స్టంటైన్ ఇల్లు చాలు. ఐరోపా నిధుల్లో ఆ కంచు నాణేలు వేలకు వేలు దొరుకుతాయి కాబట్టి ధర తక్కువ. అడుగున ఉన్న పొట్టి అక్షరాలను బట్టి ఏ నగరపు టంకశాలదో తెలుస్తుంది, దాన్ని బట్టి తేదీని రెండు మూడేళ్ల తేడాలో పట్టుకోవచ్చు. పెద్ద కొడుకు క్రిస్పస్ నాణేలు, చేతుల్లో ఇద్దరు పసివాళ్లను పట్టుకుని రాజ్యానికి ఆశ అనిపించుకున్న భార్య ఫౌస్టా నాణేలు, తల్లి హెలెనా నాణేలు 324 నుంచి పక్కపక్కనే వస్తాయి. 326లో కాన్‌స్టంటైన్ ముందు కొడుకునీ తరవాత భార్యనీ చంపించాడు. ఆ ఇద్దరి నాణేలూ అక్కడితో సరి, హెలెనావి ఆ తరవాతా కొన్నేళ్లు సాగాయి. 337లో ఆయన పోగానే, ఆయన సవతి తల్లి థియోడోరా సంతతిలోని మగవాళ్లను దాదాపు అందరినీ సైనికులు నరికేశారు. లాభపడింది కాన్‌స్టంటైన్ కొడుకులు ముగ్గురు. ఆ వెంటనే వాళ్ల టంకశాలల నుంచి రెండు రకాల బుల్లి కంచు నాణేలు వెలువడ్డాయి. ఒకదాని మీద నాయనమ్మ హెలెనా, బొరుసు వైపు శాంతిదేవత. రెండోదాని మీద థియోడోరా, బొరుసు వైపు చంటిబిడ్డను ఎత్తుకున్న స్త్రీ, చుట్టూ రోమన్ల కుటుంబభక్తి అన్న అక్షరాలు. చచ్చిపోయిన ఆ ముసలమ్మను అప్పుడే ఎందుకు గౌరవించాల్సి వచ్చిందో, ముగ్గురిలో ఎవరు ఎవర్ని బుజ్జగించారో పండితులు ఇంకా తేల్చలేదు. నాణేలు మాత్రం 340 ప్రాంతంలో ఆగిపోయాయి, అన్నదమ్ముల్లో పెద్దవాడు తమ్ముడి మీదికి దండెత్తి చచ్చిన ఏడాదికే.